ఎడమకు తిరిగిన స్కీయర్‌ను కుడికి తిప్పేశారు: ఫీజు కోత, ఫోటో వాడకంపై ఫిర్యాదు

మార్కెటింగ్ విభాగం అధిపతి గారికి,

విషయం: స్కీ జాకెట్ల ప్రకటన షూట్‌లో ఒక రోజు ఫీజు కోయడం, గడువు దాటాక కూడా ఫోటో వాడటం, నన్ను అడగకుండా దాన్ని మార్చడం గురించి

నమస్కారం.

పోయిన ఏడాది జనవరిలో మీ స్కీ జాకెట్ల ప్రకటన కోసం మూడు రోజులు ఫ్రీస్టైల్ స్కీయింగ్ ఫోటోలు తీసింది నేనే. మూడో రోజు మధ్యాహ్నం షూట్ ఆగిపోయిందని మీ అకౌంట్స్ వాళ్లు ఒక రోజు ఫీజు కోసేశారు. ఆ డబ్బు ఈరోజుకీ రాలేదు. అదే షూట్‌లో రెండో రోజు తీసిన ఒక ఫోటోను మాత్రం లైసెన్స్ ముగిసి రెండు నెలలు దాటినా హోర్డింగుల మీద, జాకెట్ పెట్టెల మీద వాడుతున్నారు. అదీ నేను తీసినట్టు కాదు, కుడిఎడమలు తారుమారు చేసి. ఇప్పటికి మూడు మెయిళ్లు పెట్టాను. "సంబంధిత టీమ్‌కు పంపాం" అన్న ఒక్క ముక్క తప్ప ఇంకే జవాబూ లేదు. అందుకే నేరుగా మీకు రాస్తున్నాను.

ముందు మూడో రోజు సంగతి చెబుతాను. మీ అకౌంట్స్ కాగితంలో "ఫోటోగ్రాఫర్ కారణంగా పని పూర్తి కాలేదు" అని ఉంది. ఆ మాట నిజం కాదు.

ఉదయం ఎండ బాగా కాసింది. స్కీయర్ కిక్కర్ మీంచి, అంటే జంప్ చేయడానికి మంచుతో కట్టిన ఎత్తు మీంచి, ఆరు జంపులు చేసింది, ఆరూ వాడుకోదగ్గవే. పదకొండు దాటాక మబ్బు పట్టింది. మంచు మీద మబ్బు పడితే ఏమవుతుందో ఆఫీసులో కూర్చుని ఊహించడం కష్టం. నీడలన్నీ మాయమైపోతాయి. నేల ఎక్కడ లేచిందో, ఎక్కడ వాలిందో కంటికి ఆనదు. మేం దీన్ని ఫ్లాట్ లైట్ అంటాం. గాల్లో తలకిందులుగా తిరుగుతున్న మనిషికి ల్యాండింగ్ ఎంత దూరంలో ఉందో తెలియకపోతే కాళ్లు ఎప్పుడు చాపాలో తెలియదు. మా వాళ్లు టేకాఫ్ అంచు మీద, ల్యాండింగ్ మీద నీలం రంగు గీతలు చల్లారు. దాంతో ఇంకో గంట లాక్కొచ్చాం.

ఆ తర్వాత ఎదురుగాలి మొదలైంది. అసలు భయం అక్కడే. కిక్కర్ దగ్గర అంతా వేగం లెక్కే. ఎదురుగాలికి వేగం కాస్త తగ్గినా స్కీయర్ దిగాల్సిన వాలు మీదకు చేరదు, వాలు మొదలయ్యే ముందున్న గట్టు మీద పడుతుంది. దాన్ని నకిల్ అంటారు. వాలు మీద దిగితే దెబ్బ జారుడులో కలిసిపోతుంది. నకిల్ మీద పడితే మొత్తం మోకాళ్లకే తగులుతుంది. ఆమె రెండుసార్లు జంప్ చేయకుండా కిందిదాకా వచ్చి వేగం చూసుకుంది. రెండుసార్లూ "చాలట్లేదు" అంది. అప్పుడు మీ ఆర్ట్ డైరెక్టర్, "గాలి ఆగినప్పుడు ఒక్కసారి వేసేయండి, ఒక్క ఫ్రేమ్ చాలు" అన్నారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు అడిగారు. ఆమె వద్దంది. నేను లైట్ల స్టాండ్లు దింపేశాను. అంతే జరిగింది.

మన ఒప్పందంలో దీని గురించి స్పష్టంగా రాసుకున్నాం. స్కీయర్ గానీ, నేను గానీ, సేఫ్టీ చూసే వ్యక్తి గానీ ప్రమాదమని ఆపితే ఆ రోజుకు పూర్తి ఫీజు ఇవ్వాలి. ఈ వాక్యం పెట్టమని పట్టుబట్టింది నేనే. ఆపితే డబ్బు పోతుందని తెలిస్తే ఎవరో ఒకరు ఆపకుండా ఊరుకుంటారు. అలా ఊరుకున్న రోజే ఎవరికో ఒకరికి కాలు విరుగుతుంది. మీరు ఇప్పుడు కోసింది నా ఒక్క రోజు డబ్బే కావచ్చు. కానీ ఆరోజు అక్కడున్న కుర్ర అసిస్టెంట్లు దీన్నుంచి ఏం నేర్చుకుంటారో ఆలోచించండి.

ఒకవేళ ఆమె దూకినా మీకు పనికొచ్చే ఫోటో వచ్చేది కాదు. ఆ వెలుతురులో మంచూ ఆకాశమూ కలిసి ఒకటే తెలుపు. ఫ్లాష్ కొడితే మనిషి మీద పడుతుంది గానీ వెనకున్న కొండ మీద పడదు. ఈ మాట నేను అప్పుడే మీ ఆర్ట్ డైరెక్టర్‌కి చెప్పాను.

ఇక హోర్డింగ్ మీది ఫోటో. దీని గురించి రాయడానికి నాకు ఎక్కువ బాధగా ఉంది.

అది రెండో రోజు ఉదయం తీసింది. టేకాఫ్ అంచు, గాల్లో మనిషి, ల్యాండింగ్ మూడూ ఒకే ఫ్రేమ్‌లో రావాలని పక్కన కిందికి దిగి మంచులో రెండు గంటలు నిలబడ్డాను. చలికి బ్యాటరీలు త్వరగా చచ్చిపోతాయి కాబట్టి వాటిని లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకున్నాను. వెలుతురును కొలిచే కెమెరా మీటర్‌ను నమ్మితే మంచు బూడిద రంగులోకి దిగిపోతుంది, అందుకని ఒక స్టాప్‌కి పైగా, అంటే వెలుతురు రెట్టింపు దాటేలా, ఎక్స్‌పోజర్ పెంచాను. ఆమె ఎడమకు తిరుగుతూ, కుడి చేత్తో ఎడమ స్కీని బూటు ముందు పట్టుకుంది. దాన్ని మ్యూట్ గ్రాబ్ అంటారు. ఏ జంప్‌లోనైనా ఎక్కణ్ణుంచి లేచింది, ఎక్కడ దిగబోతోంది అన్నది కనిపిస్తేనే అది ఎంత పెద్దదో చూసేవాళ్లకు అర్థమవుతుంది. మా పనిలో అది చాలా ముఖ్యం.

మీ హోర్డింగ్ మీద టేకాఫ్ లేదు, ల్యాండింగ్ లేదు, రెండూ కత్తిరించేశారు. వెనక ఎక్కడివో రాతి కొండలు అతికించారు. చూస్తే ఆమె కొండ అంచు మీంచి దూకినట్టుంది. ఎన్నో గంటలు యంత్రంతో మంచు పోగేసి, కొలిచి, వాలు చెక్కి కట్టిన కిక్కర్ అది. ఆ శ్రమంతా తుడిచేశారు. ఇది చూసి ఏ పిల్లాడైనా నిజమైన కొండ మీంచి దూకవచ్చనుకుంటే ఎవరు జవాబు చెప్పాలి?

పైగా ఫోటోను అద్దంలో చూసినట్టు తిప్పేశారు. ఇప్పుడు ఆమె కుడికి తిరుగుతోంది, ఎడమ చేత్తో కుడి స్కీ పట్టుకుంది. ఎడమా కుడీ ఏదైతేనేం అని మీ డిజైనర్ అనుకుని ఉండవచ్చు. స్కీయర్లకు అది చిన్న విషయం కాదు. ప్రతి ఒక్కరికీ అలవాటైన వైపు ఒకటి ఉంటుంది, రెండో వైపు తిరగడం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఫ్రీస్టైల్ స్కీయింగ్ పోటీలైన హాఫ్‌పైప్, స్లోప్‌స్టైల్ 2014 సోచి ఒలింపిక్స్‌లో, బిగ్ ఎయిర్ 2022 బీజింగ్‌లో చేరాక ఈ తేడా పట్టుకోగలిగే ప్రేక్షకులు చాలామంది ఉన్నారు. ఆ జంప్‌ను ఆమె కుడివైపు ఎప్పుడూ చేయలేదు. తోటివాళ్లు "ఎప్పుడు నేర్చుకున్నావు" అని అడుగుతుంటే ఆమె నాకు ఫోన్ చేసి బాధపడింది. చేయనిది చేసినట్టు చూపించడం ఆమె మీద కూడా నింద వేయడమే.

మీరు గమనించారో లేదో, అతికించిన లోగో మాత్రం సరిగ్గానే చదవగలుగుతున్నాం. అంటే ఫోటో తిరగబడిందని తెలిసి, లోగో ఒక్కటీ సరిచేశారన్నమాట. జేబు మాత్రం మర్చిపోయారు. మీరు అమ్మే జాకెట్‌కు ఛాతీ జేబు ఎడమవైపు ఉంటుంది. పెట్టె మీద బొమ్మలో కుడివైపు ఉంది.

లైసెన్స్ ఒక ఏడాదికే, మీ వెబ్‌సైట్‌కీ సోషల్ మీడియాకీ మాత్రమే. హోర్డింగులు, పెట్టెలు అందులో ఎప్పుడూ లేవు. నా పేరు ఎక్కడా వేయలేదు. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందానికి 1928లో రోమ్‌లో ఒక అధికరణ చేర్చారు. రచన తనదని చెప్పుకునే హక్కు, తన పేరు దెబ్బతినేలా దాన్ని మారిస్తే అభ్యంతరం చెప్పే హక్కు రచయితకు ఉంటాయని అది చెబుతుంది. హక్కులు అమ్మేశాక కూడా ఉంటాయని చెబుతుంది. నేనైతే అమ్మలేదు, ఒక ఏడాదికి వాడుకోనిచ్చానంతే.

కాబట్టి నేను కోరేది ఇది. కోసిన ఒక రోజు ఫీజు పూర్తిగా చెల్లించండి, మీ రికార్డుల్లోంచి "ఫోటోగ్రాఫర్ కారణంగా" అన్న మాట తీసేసి నాకు రాతపూర్వకంగా తెలపండి. హోర్డింగులు వెంటనే దించండి, ఆ పెట్టెలు ఇక ముద్రించకండి. ఇప్పటిదాకా వాటిమీద వాడుకున్నందుకు వేరే లైసెన్స్ రుసుము కట్టండి, దానికి ఇన్వాయిస్ ఈ లేఖతో జతచేశాను. స్కీయర్‌కు విడిగా క్షమాపణ చెప్పండి. అది నా తరఫున కాదు, ఆమెకు రావలసింది.

15 రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పందంలో రాసుకున్నట్టు మధ్యవర్తి దగ్గరికి వెళ్తాను. ఆ మూడో రోజు మెసేజ్‌లు, కెమెరా నుంచి వచ్చినవి వచ్చినట్టే ఉన్న రా ఫైళ్లు, ఒప్పందం కాపీ అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఆ ఫోటోను మీరు ఇంకా వాడుకోవాలనుకుంటే, తిప్పకుండా, టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా పూర్తిగా ఉన్న అసలు ఫైల్‌ను కొత్త లైసెన్స్ మీద పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ జనవరి షూట్ ఫోటోగ్రాఫర్

జతపరిచినవి: ఒప్పందం కాపీ, ఇన్వాయిస్, అసలు ఫోటో, హోర్డింగ్ ఫోటో