ఓర్లాండోలో గది వెతుక్కుంటున్న మిత్రుడికి

ఒరేయ్ మిత్రమా,

నీ మెసేజ్ చూశాను. అమ్మ, నాన్నగారు వస్తున్నారని, వాళ్ళనీ పిల్లల్నీ కలిపి ఓర్లాండో తీసుకెళ్దామనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషం వేసింది. "డిస్నీ దగ్గర చవగ్గా మంచి హోటల్ చెప్పరా" అని ఒక్క ముక్కలో అడిగేశావు. ఆ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు దొరకదురా, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు, ఎందుకంటే ఇందులో సగం నిర్ణయాలు తనే తీసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. గది రేటు చూసి గది తీసుకోకు. పొద్దున తలుపు తీసుకుని బయటపడిన దగ్గర్నుంచి రాత్రి మళ్ళీ వచ్చి తలుపు వేసుకునేదాకా, మీ ఆరుగురికీ ఆ రోజు ఎంతవుతుందో చూసి తీసుకో. ఓర్లాండోలో ఈ రెండు లెక్కలకీ చాలా తేడా ఉంటుంది.

ఎలాగో చూడు. ఓర్లాండో పక్కనే ఉన్న కిస్సిమ్మీ ఊళ్ళో యూఎస్ 192 రోడ్డు మీద రోజుకి 90 డాలర్లకి ఒక గది కనిపించిందనుకో. దానికి 30 డాలర్ల రిసార్ట్ ఫీజు, అంటే గది రేటు మీద హోటల్ వాళ్ళు రోజూ తప్పనిసరిగా వేసే అదనపు రుసుము, ఉందనుకో. అప్పుడే 120 అయింది. ఆ ఊరు ఆసియోలా కౌంటీ కిందకి వస్తుంది, అక్కడ సేల్స్ టాక్సు ఏడున్నర శాతం, టూరిస్టు టాక్సు ఆరు శాతం, మొత్తం పదమూడున్నర. రిసార్ట్ ఫీజు మీద కూడా టాక్సు పడుతుంది కాబట్టి 136 దాటుతుంది. హోటల్లో కారు పెట్టుకున్నందుకు 15 అనుకో. పొద్దున డిస్నీ పార్కుకి వెళ్తే అక్కడ పార్కింగ్ 30 డాలర్లకి తక్కువ లేదు. వెరసి 180 పైన! అదే డిస్నీ వాళ్ళ సొంత హోటల్ పాప్ సెంచురీలో 150కి గది దొరికిందనుకో. అది ఆరెంజ్ కౌంటీలో ఉంది, టాక్సు పన్నెండున్నర శాతం, అంటే 169. అక్కడ రిసార్ట్ ఫీజు లేదు, హోటల్లో పార్కింగ్ ఉచితం, ఆ హోటల్లో దిగినవాళ్ళకి పార్కుల దగ్గర పార్కింగూ ఉచితమే. రేట్లు నేను లెక్క కోసం వేసుకున్నవే, నువ్వు వెళ్ళే రోజుకి ఎంతుంటాయో నువ్వు చూసుకోవాలి. కానీ లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే. 90 గది కన్నా 150 గది చవక కావడం అక్కడ మామూలు సంగతి.

ఒక మంచి జరిగింది. ఎఫ్‌టీసీ, అంటే అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ, వాళ్ళు పెట్టిన కొత్త నిబంధన 2025 మే 12 నుంచి అమల్లోకి వచ్చింది. తప్పనిసరిగా కట్టాల్సిన రిసార్ట్ ఫీజు లాంటివి దాచకుండా మొదట చూపించే రేటులోనే కలిపి చూపించాలి. ఇది మనలాంటి వాళ్ళకి పెద్ద మేలు. అయితే ప్రభుత్వ టాక్సులు అందులో కలపకపోయినా పర్వాలేదు, పార్కింగు తప్పనిసరి ఖర్చు కింద రాదు కాబట్టి అదీ కనపడదు. ఆ రెండూ నువ్వే కలుపుకో.

ఇక డబ్బుల్లోకి రాని ఖర్చు ఒకటుంది. బయటి హోటళ్ళు చాలావరకు "డిస్నీకి ఉచిత షటిల్" అని రాసుకుంటాయి. షటిల్ ఉన్న మాట నిజమే. కానీ అది డిస్నీ పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు దగ్గర దింపదు. ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ అని ఒకటుంది, అక్కడ దింపుతుంది. సొంత కారులో వెళ్ళినా ఆపేది అక్కడే. అక్కణ్ణుంచి మోనోరైలు ఎక్కాలి, లేకపోతే ఫెర్రీ ఎక్కి సరస్సు దాటాలి. పొద్దున ఉత్సాహంలో అది బాగానే ఉంటుంది. రాత్రి బాణాసంచా అయ్యాక చూడాలి! పార్కు లోపలి మెయిన్ స్ట్రీట్ నిండా ఉన్న జనం ఒక్కసారిగా గేటు వైపు కదుల్తారు. మేము వెళ్ళినప్పుడు మా చిన్నవాడు నా భుజం మీద నిద్రపోయాడు, చెప్పు ఒకటి ఎక్కడో జారిపోయింది. ఫెర్రీ కోసం ఒక క్యూ, అవతలి ఒడ్డు చేరాక హోటల్ షటిల్ కోసం ఇంకో క్యూ. వచ్చిన షటిల్ మా ముందున్న కుటుంబంతోనే నిండిపోయింది, తర్వాతది ఎప్పుడొస్తుందో చెప్పే మనిషి లేడు. ఆ దీపస్తంభం కింద కాంక్రీటు గట్టు మీద కూర్చున్న మా అమ్మ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక్క మాట అనలేదు, మోకాళ్ళు మాత్రం నొక్కుకుంటూ కూర్చుంది. డిస్నీ హోటళ్ళ బస్సులైతే గేటు పక్కనే ఆగుతాయి. నాన్నగారికి నడక కష్టమని రాశావు కాబట్టి ఇంతగా చెప్తున్నాను. షటిల్ ఉన్న హోటల్ తీసుకునేటట్టయితే, బుక్ చేసే ముందే ఫోన్ చేసి రోజుకి ఎన్ని ట్రిప్పులు, రాత్రి ఆఖరి బస్సు ఎప్పుడు, సీటు ముందుగా రాయించుకోవాలా అని అడుగు. సమాధానం సరిగ్గా చెప్పకపోతే ఆ షటిల్ లేనట్టే లెక్క.

మీరు ఆరుగురు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మామూలు గదిలో నలుగురికి మించి పట్టరు, అంటే రెండు గదులు కావాలి, ఏ రేటు చూసినా రెండింతలు. కాబట్టి మొదటి నుంచీ ఆరుగురికి సరిపోయేవే చూడు. డిస్నీలో ఆల్-స్టార్ మ్యూజిక్‌లో, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌లో ఫ్యామిలీ సూట్లు ఉన్నాయి, ఆరుగురు పడతారు. ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ సూట్‌లో రెండు బాత్రూములు, మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ ఉంటాయి. పొద్దున ఆరుగురూ తయారవ్వాలంటే రెండో బాత్రూము ఎంత విలువైనదో చెల్లెమ్మని అడుగు. కానీ దాని రేటు గట్టిగానే ఉంటుంది. చాలాసార్లు దాని పక్కనే ఉన్న పాప్ సెంచురీలో రెండు గదులు తీసుకుంటే ఇంకా తక్కువకే వస్తాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూడు, మధ్యలో తలుపున్న కనెక్టింగ్ రూములు కావాలని బుక్ చేసేటప్పుడే అడుగు. ఆ రెండు హోటళ్ళకీ కలిపి ఒకే స్కైలైనర్ స్టేషన్ ఉంది. ఆ కేబుల్ కారులో ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ అనే డిస్నీ పార్కులకి వెళ్ళిపోవచ్చు, పిల్లల్ని తోసుకెళ్ళే స్ట్రోలర్ మడవాల్సిన పని కూడా లేదు. ఉరుములు మెరుపులు వస్తే మాత్రం ఆపేస్తారు.

ఇంకో దారి, వంటగది ఉన్న సూట్ హోటళ్ళు. రెసిడెన్స్ ఇన్, హోమ్‌వుడ్ సూట్స్ లాంటివి. పొద్దున టిఫిన్ గదితోపాటే ఇచ్చేస్తారు, రాత్రి పెద్దవాళ్ళకి ఇంత అన్నం వండుకోవచ్చు. పార్కు లోపల ఆరుగురు మూడు పూటలా కొనుక్కుని తినడం ఎంత ఖర్చో తెలుసుగా. నీ కుటుంబానికి నేనైతే మొదట వీటినే చూస్తాను, లేక్ బ్యూనా విస్టా చుట్టుపక్కల ఉన్నవి. డిస్నీకి దగ్గర, కారుంటే ఇబ్బంది లేదు.

కిస్సిమ్మీ, డావెన్‌పోర్ట్ వైపు అద్దె ఇళ్ళు కూడా ఉన్నాయి, వెనక ఈత కొలనుతో సహా. రెండు కుటుంబాలు కలిసి వారం ఉంటే వాటికి సాటి లేదు. మీరు నాలుగు రాత్రులకే అయితే క్లీనింగ్ ఫీజు రాత్రికింత చొప్పున గట్టిగా పడుతుంది, అందుకే ఈసారికి వద్దంటాను.

ఓర్లాండోలోనే ఉన్న ఇంకో కంపెనీ పార్కులు, యూనివర్సల్, కూడా చూద్దామనుకుంటే లెక్క మళ్ళీ మారుతుంది. అది డిస్నీకి పది మైళ్ళ పైనే, ఐ-4 హైవే మీద ట్రాఫిక్ ఉంటే ఓపిక నశిస్తుంది. అందుకని మకాం మార్చేసెయ్యండి, ఆఖరి రాత్రులు అటు. అక్కడ ఎండ్‌లెస్ సమ్మర్ అని సర్ఫ్‌సైడ్, డాక్‌సైడ్ రెండు హోటళ్ళున్నాయి. వాళ్ళ హోటళ్ళన్నిట్లో తక్కువ రేటు వీటిదే. రెండు పడకగదుల సూట్లో ఆరుగురు పడతారు. రాత్రి పార్కింగ్‌కి మాత్రం డబ్బు తీసుకుంటారు. ఇంకో ఉపాయం ఉంది, వినడానికి విడ్డూరంగా ఉంటుంది. పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ ఈ మూడూ ఖరీదైన హోటళ్ళు. కానీ గదిలో ఉన్న అందరికీ రైడ్ల దగ్గర చిన్న క్యూలో వెళ్ళనిచ్చే ఎక్స్‌ప్రెస్ పాస్ గదితోపాటే వస్తుంది, దిగిన రోజూ ఖాళీ చేసే రోజూ కూడా చెల్లుతుంది. అంటే ఒక్క రాత్రి ఉంటే రెండు రోజులు పెద్ద క్యూలు లేకుండా తిరగొచ్చు. ఆ పాస్ విడిగా కొంటే మనిషికి ఎంతవుతుందో చూసి, ఎంతమంది ఉన్నారో దానితో హెచ్చవేసి, గది రేటు పక్కన పెట్టు. రద్దీ రోజుల్లో ఆ ఖరీదైన గదే నెగ్గుతుంది. 2025 మేలో తెరిచిన ఎపిక్ యూనివర్స్ పార్కులో మాత్రం ఆ పాస్ చెల్లదు. పాత రెండు పార్కుల్లోనే.

డిస్నీ హోటల్లో ఉన్నవాళ్ళకి ఏ పార్కుకైనా అరగంట ముందు ప్రవేశం ఇస్తారు. డబ్బు కట్టి రైడ్ల దగ్గర చిన్న క్యూలో వెళ్ళే లైట్నింగ్ లేన్ మల్టీ పాస్‌ని వాళ్ళు ఏడు రోజుల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు, బయటివాళ్ళకి మూడు రోజులే. మీ చిన్నది పొద్దున్నే లేచే రకం కాబట్టి ఆ అరగంట మీకు నిజంగా పనికొస్తుంది. లేవలేని ఇంటికి అదొక ఆకర్షణ మాత్రమే, దానికి డబ్బు పెట్టక్కర్లేదు. అన్నట్టు, మీ చిన్నదానికి మూడేళ్ళు ఎప్పుడు నిండుతాయి? మూడు నిండేదాకా డిస్నీలో టికెట్టు అక్కర్లేదు. పుట్టినరోజుకి ముందే వెళ్ళొచ్చేయగలిగితే ఒక టికెట్టు మిగుల్తుంది, రెండు రాత్రుల గది ఖర్చు దాంట్లో తేలిపోవచ్చు.

తేదీల గురించి గట్టిగా చెప్పాలనుంది. క్రిస్మస్ సెలవుల్లో వద్దురా. ఆ వారంలో ఏ చిట్కా పనిచెయ్యదు, రేట్లు ఆకాశంలో ఉంటాయి, జనం కిక్కిరిసి ఉంటారు, నాన్నగారు కూర్చోడానికి బెంచీ దొరకదు. థాంక్స్‌గివింగ్ అయిపోయాక డిసెంబరు మొదటి రెండు వారాలు చూడు. అలంకరణలన్నీ అప్పటికే పెట్టేసి ఉంటాయి, చలి కూడా పెద్దగా ఉండదు. పెద్దవాడికి బడి నాలుగు రోజులు పోతుంది, పోనీ, తాతయ్య నాయనమ్మలతో వెళ్ళే అవకాశం మళ్ళీ మళ్ళీ రాదు. జనవరిలో అయితే మొదట్లో జరిగే డిస్నీ మారథాన్ వారాంతం దాటాక, మార్టిన్ లూథర్ కింగ్ సెలవుకి తగలకుండా. ఆగస్టు చివర, సెప్టెంబరు అన్నిటికన్నా చవక, ఎందుకంటే ఫ్లోరిడా బడులు ఆగస్టు రెండో వారానికే తెరిచేస్తారు. కానీ ఎండ, ఉక్కపోత, పైగా తుఫాను కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. పెద్దవాళ్ళతో అది వద్దు. ఏ వారమైనా ఆదివారం దిగి గురువారం బయల్దేరేట్టు చూసుకో, శుక్ర శని రాత్రుల రేట్లు ఎక్కువ. ఇంటర్నేషనల్ డ్రైవ్ మీద గది చూస్తుంటే ఆ వారం ఆరెంజ్ కౌంటీ కన్వెన్షన్ సెంటర్‌లో ఏదైనా పెద్ద సభ ఉందేమో క్యాలెండర్ చూడు. ఉంటే ఆ రోడ్డంతా రేట్లు పెరిగిపోతాయి.

బుకింగ్ సంగతి. రద్దు చేసుకునే వీలున్న గదే ఇప్పుడు పట్టుకో, ఆ తర్వాత అప్పుడప్పుడు రేటు చూస్తూ ఉండు. డిస్నీలో టికెట్లు కలపకుండా గది మాత్రమే తీసుకుంటే, దిగడానికి అయిదు రోజుల (ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే ఆరు రోజుల) ముందు వరకు డబ్బు వెనక్కి ఇస్తారు. ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు డిస్కౌంట్లు ప్రకటిస్తారు, నీ తేదీలకి వర్తిస్తే ఉన్న బుకింగునే ఆ రేటుకి మార్పించుకోవచ్చు. పేరు దాచిపెట్టి తక్కువకి అమ్మే హాట్‌వైర్, ప్రైస్‌లైన్ ఎక్స్‌ప్రెస్ గదులు నువ్వు ఒక్కడివే వెళ్తే భేషుగ్గా ఉంటాయి. ఇప్పుడు వద్దు. డబ్బు వెనక్కి రాదు, ఎన్ని మంచాలుంటాయో చెప్పరు. వీసా స్టాంపింగ్ ఆలస్యమై అమ్మావాళ్ళ ప్రయాణం వాయిదా పడితే మొత్తం పోతుంది.

రోడ్ల పక్కన "సగం ధరకే డిస్నీ టికెట్లు, ఉచితంగా మూడు రాత్రులు" అని బూత్‌లు పెట్టి పిలుస్తారు. అది టైమ్‌షేర్ అమ్మకం, అంటే ఏటా కొన్ని రోజులు ఒక రిసార్టులో ఉండే హక్కుని నీకు అంటగట్టడం. ఒక పూటంతా కూర్చోబెట్టి, నువ్వు వద్దన్న కొద్దీ కొత్త మనిషి వస్తాడు. మొహమాటం ఎక్కువైన నీలాంటివాడు ఆ ఛాయలకి పోకపోవడమే మంచిది. నేను ఎంతో బాధతో చెప్తున్నాను, మన దగ్గరవాళ్ళే ఒకరు అక్కడ సంతకం పెట్టొచ్చారు.

నువ్వు ఇప్పుడు చెయ్యాల్సింది, చెల్లెమ్మతో కూర్చుని డిసెంబరు మొదటి వారమా, జనవరి చివరా అన్నది తేల్చు. కారు అద్దెకి తీసుకుంటావో లేదో కూడా. ఆ రెండూ చెప్తే లేక్ బ్యూనా విస్టాలో రెండు మూడు సూట్లూ, పాప్ సెంచురీ రెండు గదులూ రోజు లెక్కతో సహా కట్టి శనివారం పొద్దున ఫోన్ చేస్తాను. అమ్మకి, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకి ముద్దులు.

నీ పాత రూమ్మేట్