ఒక రోజుకు ఒక కోట చాలు, మంత్రిగారూ

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. మన రాష్ట్రంలో కోటలు చూపించే వన్ డే టూర్ల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. గోడలు కూలిపోవడం, కబ్జాలు, మరమ్మతుల నిధులు, వీటి గురించి మీకు రాసేవాళ్లు వేరే ఉన్నారు. నేను అడిగేది అంతకన్నా చిన్న విషయం, పెద్దగా ఖర్చు కూడా లేనిది. పొద్దున బస్సెక్కించుకుని, ఒక గైడ్‌ని జతచేసి, చీకటి పడేసరికి దింపేసే ఆ యాత్రలో అసలు కోటకు దక్కుతున్న టైమ్ ఎంత? సంగతి అంతే.

మొన్న చలికాలంలో మా అమ్మానాన్నలను తీసుకుని అలాంటి టూర్ ఒకటి వెళ్లాను. నడిపినవాళ్ల పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే అందరూ దాదాపు అలాగే నడుపుతున్నారు. చార్మినార్, ఒక ప్యాలెస్, మ్యూజియం, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, అన్నీ ఒకే రోజులో. మధ్యలో ముత్యాల షాపు దగ్గర బస్సు తీరిగ్గా ఆగింది. అక్కడ మమ్మల్ని ఎవరూ తొందరపెట్టలేదు. గోల్కొండ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బస్సు దిగకముందే గైడ్ చెప్పేశాడు: "సార్, మేడమ్, గంటలో అందరూ బస్సులో ఉండాలి, లేటైతే సమాధులు మిస్సవుతాం."

ఆ గంటలో ఏం జరిగిందో చెబుతాను. బాలాహిస్సార్ దర్వాజా కమాను కింద అందరినీ నిలబెట్టి గైడ్ చప్పట్లు కొట్టాడు. ఇక్కడ కొట్టిన చప్పుడు కొండ మీద బారాదరి అనే మంటపంలో వినిపిస్తుందని చెప్పాడు. వినాలంటే మనవాళ్లు ఒకరు పైన ఉండాలి కదా, ఎవరూ లేరు. పక్కనే ఇంకో మూడు గుంపులు, ముగ్గురు గైడ్లు, వాళ్లూ అదే పనిగా చప్పట్లు. ఎవరి చప్పట్లు ఎవరికి వినపడాలో తెలియదు. తర్వాత కాళ్లలో ఓపిక ఉన్నవాళ్లు మెట్ల వైపు పరుగు తీశారు. నాన్న సగం దాకా ఎక్కి, రామదాసు బందీఖానాలో గోడ మీది బొమ్మలకు దణ్ణం పెట్టుకుని దిగొచ్చారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ కింద చెట్టు నీడన కూర్చుని అందరి చెప్పులకూ బ్యాగులకూ కాపలా కాసింది. రాత్రి ఇంట్లో "గోల్కొండ ఎలా ఉందమ్మా" అని మా చెల్లి ఫోన్‌లో అడిగితే, "బాగానే ఉంది, ఎండ ఎక్కువ" అంది. అమ్మ చూసిందల్లా అదే మరి.

ఆ చప్పట్ల సంగతే తీసుకుందాం. దాన్ని గారడీలా చూపిస్తున్నారు గానీ అది కోటకు కాపలా ఏర్పాటులో భాగం. గుమ్మం దగ్గరికి ఎవరొచ్చిందీ కొండ మీద ఉన్నవాళ్లకు క్షణంలో తెలియాలి. ఆ గుమ్మానికి ఎదురుగా అడ్డంగా ఒక గోడ ఉంటుంది. అది ఎందుకుందో మా గైడ్ చెప్పలేదు, అడిగే తీరికా మాకు లేదు. దూరం నుంచి ఏనుగుని పరుగెత్తించి తలుపుని ఢీకొట్టించకుండా, వచ్చినవాడు ఎవడైనా వేగం తగ్గించి పక్కకు తిరిగేలా కట్టిన గోడ అది. ఫతే దర్వాజా తలుపులకు ఇనప మేకులు ఎందుకు దిగ్గొట్టారో కూడా ఇదే లెక్కలో అర్థమవుతుంది. అయితే మన టూరిస్టు బస్సులు ఆ దర్వాజాలోంచే లోపలికి దూరిపోతాయి. బస్సు కిటికీలోంచి మేకులు కనపడతాయి, కనపడేలోపే దాటిపోతాయి.

గోల్కొండ కాకతీయుల నాడు మట్టికోట. కుతుబ్‌షాహీల చేతిలో పది కిలోమీటర్లకు పైగా చుట్టుగోడ, 87 బురుజులు, 8 దర్వాజాలు ఉన్న రాతికోటగా పెరిగింది. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు చుట్టుముట్టి కూర్చున్నా గోడలు లొంగలేదు. చివరికి లోపలివాడే ఒకడు తలుపు తీస్తే గానీ మొఘలులు అడుగుపెట్టలేకపోయారు. అంత గట్టి కోట ఎలా పనిచేసిందో చూపించడానికి మనం ఇస్తున్నది ఒక గంట, అందులో బాత్రూమ్‌కి, సెల్ఫీలకి పోగా మిగిలింది.

నీళ్ల సంగతి చూడండి. ఎనిమిది నెలల ముట్టడి తట్టుకోవాలంటే తిండి కన్నా ముందు నీళ్లుండాలి. దుర్గం చెరువు నుంచి కోటకు మంచినీళ్లు వచ్చేవంటారు. కింద తొట్లలో చేరిన నీటిని ఎద్దులతో తిప్పే చక్రాల సాయంతో మెట్టు మెట్టుగా పైకి తోడి, మట్టి గొట్టాల్లోంచి మహళ్లకూ తోటలకూ పంపేవారు. ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ గోడల్లో కనపడతాయి, చూపించేవాడుంటే. నాకు మటుకు చప్పట్ల కన్నా ఆ గొట్టాలే పెద్ద వింత. పిల్లలకు కూడా అంతేనని నా నమ్మకం. నీళ్లు పైకి ఎలా ఎక్కాయిరా అని ఒక్క ప్రశ్న వేసి చూడండి, ఎంత సేపు కదలకుండా నిలబడతారో.

ఇంకోటి. మన టూర్లు కోట అంటే కొండెక్కడం అనుకుంటున్నాయి. అందుకే మా అమ్మలాంటివాళ్లు చెట్టు కింద మిగిలిపోతున్నారు. నిజానికి గోల్కొండలో సగానికి పైగా కథ నేల మీదే ఉంది. నగీనా బాగ్, ఆయుధశాల, రాణీమహళ్ల శిథిలాలు, తారామతి మసీదు, అక్కన్న మాదన్నల కచేరీ అని చూపించే కట్టడం, ఇవేవీ చూడ్డానికి మోకాళ్లు విరగ్గొట్టుకోనక్కర్లేదు. మాదన్న గోల్కొండ చివరి సుల్తాన్ తానీషా దగ్గర ఎంత పెద్ద పదవిలో ఉన్నాడు, 1686లో ఆ అన్నదమ్ములిద్దరినీ ఎలా చంపారు, ఆ మరుసటేడే రాజ్యం ఎలా పోయింది, ఇదంతా ఆ గోడల మధ్య నిలబడి వింటే పెద్దవాళ్లు ఎండని కూడా మర్చిపోతారు. లోపలి కోట బయట కటోరా హౌజ్ అనే పాత చెరువు ఉంది. నయా ఖిల్లా ఉంది. 1656లో ఔరంగజేబు యువరాజుగా మొదటిసారి దండెత్తినప్పుడు, బయటి గుట్ట ఒకటి శత్రువుకి ఆసరా అవుతోందని కుతుబ్‌షాహీలు గ్రహించి, తర్వాత ఆ గుట్టనీ లోపలికి కలుపుకుంటూ కట్టిన కొత్త గోడ అది. అక్కడ హతియాన్ కా ఝాడ్ అనే ఆఫ్రికా జాతి చెట్టు ఉంది. దాని మొదలు లోపల మనుషులు నిలబడొచ్చు. ఇప్పుడు ఆ నయా ఖిల్లా చుట్టూ గోల్ఫ్ మైదానం. టూరిస్టు బస్సు అటు తిరగనే తిరగదు.

ఇక వరంగల్. అక్కడ జరిగేది ఇంకా అన్యాయం. హైదరాబాద్ నుంచి సుమారు 150 కిలోమీటర్లు పోయి, ఆ రోజులోనే వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి, కోట, అక్కడి నుంచి ఇంకో అరవై డెబ్భై కిలోమీటర్లు పోయి రామప్ప, వీలైతే లక్నవరం కూడా. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చాక అందరి చూపూ అటే, అందులో తప్పేం లేదు. దెబ్బ పడింది మాత్రం కోట మీద. కీర్తితోరణాల ముందు ఒక గ్రూప్ ఫోటో, ఖుష్ మహల్‌లో ఒక చక్కర్, బస్సు కదిలిపోతుంది.

ఓరుగల్లు కోటని మధ్యలోంచి చూడ్డం మొదలుపెడితే అది అర్థం కాదు. అసలు పద్ధతి బయటి నుంచి లోపలికి రావడం. అది మూడు గోడల కోట. అన్నిటికన్నా బయట ఒక మట్టికట్ట, తర్వాత కందకంతో ఇంకో మట్టిగోడ, ఆ లోపల మళ్లీ కందకం, రాతిగోడ, దానికి 45 బురుజులు. రాతిగోడ గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి హయాంలో పూర్తయింది. ఈ రోజు మట్టిగోడని చూస్తే చెట్లు మొలిచిన గుట్టలా ఉంటుంది. దాన్ని చీల్చుకుంటూ పోయే రోడ్డు మీద మన బస్సు గేర్ కూడా మార్చకుండా వెళ్లిపోతుంది. కోటగోడని దాటామని లోపల ఒక్కరికీ తెలియదు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సేనని అంతకాలం బయట నిలబెట్టింది ఈ మట్టే. ఈటె గుచ్చినా దిగనంత గట్టి మట్టి అని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో పొగిడాడు, అదీ శత్రువు వైపు మనిషి.

రాతిగోడ దగ్గర నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. బయటి వైపు నుంచి చూస్తే నిట్టనిలువు రాయి. లోపలికి వెళ్లి చూడండి, గోడ పొడవునా రాతి మెట్లు. ఎక్కడో ఒక మూల పదడుగుల మెట్లదారి కాదు, చుట్టూతా. దాడి ఏ వైపున జరిగినా అక్కడున్న సైనికులు ఉన్నచోటు నుంచే పరుగున పైకెక్కిపోవచ్చు. ఆ మెట్ల మీద కాసేపు కూర్చుని, ద్వారం దగ్గర దారి సూటిగా రాకుండా ఎన్ని మలుపులు తిరుగుతుందో నడిచి చూసుకుని, అప్పుడు మధ్యలోకొచ్చి స్వయంభూ దేవాలయం శిథిలాల చుట్టూ నాలుగు తోరణాల ముందు నిలబడితే, 1323లో ఢిల్లీ సేన చేతిలో ఇక్కడ ఏం పోయిందో మనిషికి ఒంట్లో తెలుస్తుంది. దీనికి ఒక పూర్తి రోజు కావాలి. తిరుగు ప్రయాణంలో వేయిస్తంభాల గుడి కూడా చూసుకోవచ్చు. రామప్పకి ఇంకో రోజు ఇంకో బస్సు వేయండి.

భువనగిరి గురించి ఎక్కువ చెప్పను. ఏకశిల మీది కోట. హైదరాబాద్‌కి దగ్గర, యాభై కిలోమీటర్ల లోపే. దాన్ని యాదగిరిగుట్ట దర్శనానికి తోకగా తగిలించి మిట్టమధ్యాహ్నం ఎక్కిస్తున్నారు. మార్చి తర్వాత ఆ బండ మీద చెయ్యి ఆనించలేం. పొద్దున్నే కోట, తర్వాత గుడి అని వరస మార్చితే చాలు. పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కొండలెక్కడం నేర్చుకున్నది ఈ బండ మీదే, ఆ ఒక్క మాట చెప్పినా పిల్లలు సగం అలసట మర్చిపోతారు. రోప్‌వే వస్తుందని ఏళ్లుగా వింటున్నాం, రానివ్వండి. ఈలోపు టైమ్‌టేబుల్ మార్చడానికి టెండర్లు అక్కర్లేదు కదా.

గైడ్ల మాట చెప్పకపోతే ఈ ఉత్తరం అన్యాయంగా ఉంటుంది. మా గైడ్ చురుకైన కుర్రాడు, మూడు భాషల్లో మాట్లాడాడు. చప్పట్ల తర్వాత ఏం చెప్పాలో అతనికి తెలియకనా? బస్సు డ్రైవర్ హారన్ కొడుతుంటే ఎవరు మాత్రం ఏం చెబుతారు? పైగా రోజు కూలీకి వచ్చేవాళ్లకు టిప్పులు, షాపుల కమీషన్లు ఆధారమైనప్పుడు, ముత్యాల షాపుకి గంట, కోటకు గంట అవక ఏమవుతుంది? గైడ్‌కి నిలకడైన రోజు ఫీజు టికెట్ ధరలోనే కలిపేసి, షాపింగ్ స్టాప్ ఉంటే ఉందని, లేకపోతే లేదని టికెట్ మీద ముందే రాయించండి. ఎంత సేపు ఎక్కడ ఆగుతారో కూడా రాయించండి. కొనేవాళ్లు కొంటారు, తెలిసి కొంటారు.

శిక్షణ సంగతి. గచ్చిబౌలిలో నిథమ్ అనే పర్యాటక, హోటల్ నిర్వహణ శిక్షణ సంస్థ ఉంది, మీ శాఖకు సంబంధించిన సంస్థే. అక్కడ కోటల మీద ప్రత్యేకంగా ఒక చిన్న కోర్సు పెట్టవచ్చు. తేదీలు బట్టీ పట్టించడం కాకుండా, గోడ ముందు నిలబడి దాన్ని ఎలా చదవాలో నేర్పించాలి. ఈ కందకం ఎందుకు, ఈ రంధ్రం ఎవరి కోసం, ఈ బురుజు మీంచి ఏ దిక్కు కనపడుతుంది అని. జనం చెప్పుకునే కథల్ని కథలుగా, శాసనాల్లో ఉన్నదాన్ని శాసనంగా విడివిడిగా చెప్పగలగాలి. రెండూ చెప్పాలి. కథలు లేని కోటని ఎవరూ వినరు, నేను కూడా వినను.

గోల్కొండా, ఓరుగల్లు కోటా కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయని మీ అధికారులు ఫైల్ మీద రాయొచ్చు. నిజమే. గోడ మీద రాయి కదపాలంటే ఢిల్లీ అనుమతి కావాలి. నేను అడుగుతున్నవాటిలో రాయి కదిపేది ఒక్కటీ లేదు. బస్సు ఎన్ని గంటలకు బయల్దేరాలి, ఎన్ని చోట్ల ఆగాలి, గైడ్‌కి ఎంత ఇవ్వాలి, టికెట్ మీద ఏం రాయాలి, ఇవన్నీ పర్యాటక శాఖ తలుచుకుంటే చేయగలిగినవి. ప్రైవేటువాళ్లు వినరంటారా, ముందు ప్రభుత్వ టూర్లలో చేసి చూపించండి, జనం ఎక్కుతున్నారని తెలిస్తే వాళ్లే వస్తారు. రాజస్థాన్ కొండకోటలు ఆరింటికి 2013లో, మరాఠా కోటలు పన్నెండింటికి 2025లో యునెస్కో జాబితాలో చోటు దక్కింది. మన కుతుబ్‌షాహీ కట్టడాలు 2010 నుంచి తాత్కాలిక జాబితాలోనే ఉన్నాయి. ఆ పెద్ద పని పెద్దవాళ్లు చూసుకుంటారు. వచ్చిన మనిషికి కోటని సరిగ్గా చూపించడం మాత్రం ఎవరి ముద్ర కోసమూ ఆగక్కర్లేదు.

స్కూళ్ల ఎక్స్‌కర్షన్లు జోరందుకునేది నవంబర్, డిసెంబర్ నెలల్లో. ఈసారి ఆ సీజన్ మొదలయ్యేలోపు రెండే రెండు బస్సులు ప్రయోగంగా నడపమని నా మనవి. ఒకటి ఓరుగల్లుకి, మూడు గోడలు దాటుకుంటూ లోపలికి వెళ్లేది. రెండోది గోల్కొండకి, పొద్దున్నే బయల్దేరేది, కొండెక్కేవాళ్లకు ఒక గైడ్, నేల మీద తిరిగేవాళ్లకు ఇంకో గైడ్ ఉండేది. ప్రతి ఆదివారం, మూడు నెలలు. సీట్లు నిండకపోతే ఆపేయండి, నేను మళ్లీ ఉత్తరం రాయను. మొదటి గోల్కొండ బస్సులో, నేల మీద తిరిగే గైడ్ వైపు, మా అమ్మకి మాత్రం ఒక సీటు ఇప్పుడే రాసుకోండి.

ఇట్లు,
టికెట్ కొనుక్కుని కోటలు చూసే ఒక పౌరుడు