గోధుమలు పంపండి, లేదా మమ్మల్ని వెళ్లనివ్వండి: వెనిస్ పాలకుడైన డోజీకి థెస్సలోనికి వర్తకుడి బహిరంగ లేఖ

నవంబరు, 1429

మహారాజశ్రీ ఫ్రాన్సెస్కో ఫొస్కారి గారికి,

1423లో మా పాలకుడు డెస్పోట్ ఆండ్రోనికోస్ గారు ఊరిని మీకు అప్పగించినప్పుడు మా హక్కులకూ ఆచారాలకూ లోటు రానివ్వబోమని మీరు మాటిచ్చారు. ఆ మాట నిలబెట్టమనే 1425లో మా రాయబారులు 21 కోరికలతో మీ సెనేటు ముందు నిలబడ్డారు. ఈ జూలైలో మళ్లీ వచ్చారు. సమాధానాలు మర్యాదగానే వస్తున్నాయి. చాలినన్ని గోధుమలే రావడం లేదు.

ఒట్టోమన్ సుల్తాను మురాదు సేనలు కోట బయట దిగి ఏడేళ్లయింది. దుక్కి లేదు, కోత లేదు. మాకు మిగిలిన దారి సముద్రమొక్కటే. మీ ఏలుబడిలోని క్రీటు, నెగ్రొపొంటె దీవుల నుంచి ఓడ వస్తేనే పొయ్యి వెలుగుతుంది. అది ఆలస్యమైతే ఊరంతా పస్తు. వచ్చిన గింజలు ముందు గోడల మీది కాపలావాళ్లకు ఇవ్వాలి, ఇవ్వొద్దని నేననను. వాళ్లూ ఆకలికి తాళలేక శత్రువు పక్షాన చేరిపోతున్నారు. మరి మిగతావాళ్లు ఏం తినాలి? ముసలివాళ్లు, పసిపిల్లలు?

సెయింట్ దిమిత్రియోస్ తిరునాళ్లకు ఒకప్పుడు ఇటలీ నుంచి, ఈజిప్టు నుంచి వర్తకులు వచ్చేవారని మా పెద్దలు చెప్పేవారు. మొన్న పండుగకు దుకాణం తెరిచి కూర్చున్నాను. అమ్మడానికి సరుకు లేదు, కొనేవాడి దగ్గర డబ్బు లేదు. పోనీ ఇల్లు అమ్ముకుని ఓడెక్కుదామంటే అమ్మకూడదు, ఊరు దాటకూడదు. చెప్పకుండా వెళ్లినవాళ్ల ఇళ్లను మీ అధికారులు కూలగొట్టారు. తిండి పెట్టలేనివారు పోనివ్వాలి, పోనివ్వనివారు తిండి పెట్టాలి. రెండూ లేకపోతే ఎలా బతకాలి ప్రభూ?

మా కోసం మీకూ ఖర్చవుతోందని తెలుసు. సుల్తానుకు ఏటా లక్ష ఆస్పర్లు (వెండి నాణేలు) ఇస్తామని మీ రాయబారులు బేరమాడిన సంగతీ తెలుసు. ఆ బేరం కుదరలేదు, ద్వారాలు తెరుచుకోలేదు. ఇన్నేళ్లూ భరించాం.

సెప్టెంబరులో ఆర్చిబిషప్ సిమియోన్ గారు పోయారు. ఊరిని సుల్తానుకు ఇచ్చేద్దామన్న వాళ్లను ఆయనే గట్టిగా మందలించేవారు. ఇప్పుడు ఆ మాట రేవులో పైకే అంటున్నారు. నేను అనను. కానీ పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే అనేవాడి నోరు ఎలా మూయించను?

చలి ముదిరితే ఓడలు తగ్గిపోతాయి. ఆలోపే క్రీటు గోధుమలు పంపండి. మా పాత హక్కులు మాకు ఇవ్వమని ఇక్కడి మీ అధికారులకు చెప్పండి. అదీ కుదరకపోతే ఆస్తులు అమ్ముకుని వెళ్లేందుకు అనుమతైనా ఇవ్వండి. ముందు మాత్రం గోధుమలు పంపండి ప్రభూ, ఈ నెలలోనే పంపండి.

ఇట్లు,
విధేయుడు,
థెస్సలోనికి వర్తకుడొకడు