చిన్నోడికి, బ్రేకుల గాలి తీసే సామాన్ల గురించి

నాయనా చిన్నోడా,

బాగుండావా. ఇక్కడ అందరం బాగుండాం. మీ నాయన మోకాలు నొప్పి అట్లే ఉంది, జేజి తెల్లారకముందే లేచి కాఫీ కాఫీ అని గోల, కడప ఎండలు ఎట్ల ఉంటాయో నీకు చెప్పాల్నా. ఫోన్ చేస్తే ఎత్తవు, మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటావు, అందుకే కూర్చోని ఇంత టైపు చేస్తాండా, సగంలో వదిలెయ్యకుండా చదువు.

ఓబులేసు మామ చెప్పినాడు, స్విఫ్ట్ కారు బ్రేకు ఆయిల్ పైపుల్లో చేరిన గాలి ఒక్కడే తీసుకోవాలంటే ఏ సామాను మంచిదని అడిగినావంట. అడిగితే అడిగినావు, తెలీకుండా చేసేదానికన్నా మేలు. కానీ ఒక్కడే ఎందుకో నాకు అర్థం కాలే. సుమ ఉంది గదా, పెడల్ తొక్కేదానికి మెకానిక్ పని నేర్చుకోవాల్నా ఏంది. సరే, ఆ పాపకు ఆఫీసు పని ఎక్కువైందేమో. సామాను సంగతి చెప్తా విను, మీ నాయన పక్కన కూర్చోని చెప్తాండాడు, సగం నాకూ తెలిసిందే, షెడ్డులో ఇన్నేండ్లు పెడల్ తొక్కింది నేనే గదా.

ముందు పానా. నిప్పల్ అంటే చక్రం కాడ గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న మర, దానికి నోరు తెరిచుండే డబుల్ ఎండ్ పానా వెయ్యొద్దు, మూలలు అరిగిపోతే ఇంక అది రాదు, అది బిగించి ఉండే కాలిపరే విప్పాల్సి వస్తాది. ఆరు మూలల రింగు పానానే వెయ్యి. 8 ఎంఎం ఉంటాయి, 10 ఉంటాయి, 11 ఉంటాయి, కొనేముందు నీ బండిది ఎంతో చూసుకో. తుప్పు పట్టి ఉంటే ముందురోజు రాత్రే ఆయిల్ స్ప్రే కొట్టి పెట్టు, బలం చూపించొద్దు. నీకు చిన్నప్పటి నుంచి అదే అలవాటు, బిగుసుకుందంటే ఇంకా గట్టిగా తిప్పుతావు.

ఇంక ఒక్కడే చేసే సామాను. చేత్తో పీల్చే వాక్యూమ్ పంపు కొనొద్దంటాండాడు మీ నాయన. అది పీల్చేటప్పుడు నిప్పల్ మరల సందులోంచి బయట గాలి కూడా లోపలికి వస్తాది, ట్యూబులో బుడగలు ఆగవు, బ్రేకులోంచి వచ్చే గాలి ఏదో బయటి గాలి ఏదో తెలీక నువ్వు అట్లే పీలుస్తా కూర్చుంటావు. పైన బానెట్ కింద ఉండే బ్రేకు ఆయిల్ సీసాకు మూత చోట బిగించి, గాలి ఒత్తిడితో ఆయిల్‌ను కిందికి నెట్టే ప్రెషర్ బాటిల్ మేలు. 10 నుంచి 15 పీఎస్ఐ చాలు, అంతకన్నా కొడితే సీసా పగలొచ్చు. ముందు ఆయిల్ పొయ్యకుండా ఉత్త గాలి కొట్టి మూత కాడ లీకు ఉందేమో చూడు. మూత నీ బండికి సరిపోతేనే కొను, సరిపోకపోతే డబ్బు దండగ. అంత ఖర్చు ఎందుకంటే, ఒకవైపే పోయే వాల్వు ఉండే ట్యూబు దొరుకుతాది. దాన్ని నిప్పల్‌కు తగిలించి, నిప్పల్ రవ్వంత వదులు చేసి, బండి లోపల కూర్చోని మెల్లగా తొక్కుతా వదుల్తా ఉంటే ఆయిల్ బయటికి పోతాది గానీ ఎనక్కి రాదు. పారదర్శకంగా ఉండే ట్యూబే తీసుకో, బుడగ కనపడాల. పెడల్ మాత్రం పూర్తిగా నేలకు తొక్కొద్దు, పాత బండ్లలో మాస్టర్ సిలిండర్, అదే పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టేది, దాని లోపల రోజూ రాపిడి తగలని చోట తుప్పు ఉంటాది, సీలు అక్కడికి పోతే తెగుతాది. మీ నాయన పెడల్ కింద చెక్క ముక్క పెట్టేవాడు, గుర్తుందా, నువ్వు దాంతో క్రికెట్ ఆడి పారేసినావు.

మీ పెద్దక్క ఫోన్ చేసింది మొన్న. సుమ ప్రొద్దుటూరులో అమ్మవారిశాల కాడ కనపడిందంట, వాళ్ళమ్మతో. పుట్టింటికి పోవడం తప్పా, పోనీ. ఎన్ని రోజులకు పోయింది అనేదే నేను అడగాలనుకున్నా, ఫోన్ ఎత్తితే గదా.

బ్రేకు ఆయిల్ డాట్ 4 రకం, సీల్ ఉండే డబ్బా కొను, మూత తీసి పెట్టింది ఎవురన్నా ఊరికే ఇచ్చినా వద్దు. అది గాల్లోని తేమ పీల్చుకుంటాది. కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టిందనుకో 155కే మరుగుతాది. గువ్వలచెరువు ఘాటు మాకు ఇదే నేర్పింది. రాయచోటి పెండ్లికి పోయి, పెద్దమామ అంబాసిడర్‌లో తిరిగొస్తాండాం, గువ్వలచెరువులో కోవా కొనుక్కోని ఘాటు దిగుతాంటే మలుపు కాడ పెడల్ మెత్తబడి కిందికి దిగిపోయింది. ఆయన ఊరంతా వినేటట్టు దేవుడా అనె. మీ నాయన స్టీరింగు మీద ఉండి గేరు రెండుకు దించి, బండిని కొండవైపు ఒత్తి ఆపినాడు. పెద్దక్క నా ఒళ్ళో నిద్రపోతాంది, దానికి ఏమీ తెలీదు. గంట కూర్చుంటే చక్రాలు చల్లబడి పెడల్ మళ్ళా గట్టిపడింది. ఆయిల్ మరిగి ఆవిరైందన్నమాట, ఆవిరిని తొక్కితే అణుగుతాది గదా, బ్రేకు పడదు. ఇంటికి వచ్చినాంక మీ నాయనకూ నాకూ పెద్ద గొడవ, చూసుకోకుండా ఆ బండి ఎందుకు తీసుకుంటివని నేను, మీ అన్న బండే గదా అని ఆయన. తెల్లారి మాటల్లేవు. షెడ్డులో బండి కింద దూరి "తొక్కు" అన్నాడు, తొక్కినా. "పట్టు" అంటే పట్టినా. "ఇడువు" అంటే ఇడిచినా. నాలుగు చక్రాలకూ కాఫీ డికాక్షన్ మాదిరి ఆయిల్ కారింది, అది తెల్లబడేసరికి మధ్యాహ్నం. ఆ రోజంతా మేం మాట్లాడుకున్నది ఆ మూడు మాటలే. సాయంత్రం ఆయనే టీ తెచ్చి ఇచ్చినాడు. మాటలు బందు పెట్టినా పని పని మాదిరే జరగాల, మనుషులు ఒక చోట ఉండాల. నేను లెక్చర్ ఇస్తాండానని అనుకోవద్దు.

ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టు, మాస్టర్ సిలిండర్ కుడి పక్క ఉంటాది కాబట్టి అదే దూరం. బండి పుస్తకంలో వేరే వరుస రాసుంటే దాన్నే నమ్ము. మధ్యమధ్యలో పైన సీసా చూస్తా ఉండు, ఖాళీ అయితే మళ్ళా మొదటికే. ఏబీఎస్, అదే గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది, ఉంటే, అందులోకి గాలి పోయిందంటే షెడ్డు మిషను లేకుండా రాదు, ఇంట్లో కుస్తీ పట్టొద్దు. ఆయిల్ బండి రంగు మీద పడితే నీళ్ళతో వెంటనే కడుగు, కళ్ళద్దాలు పెట్టుకో. ఉత్త జాకీ మీద బండి పెట్టి కింద దూరితే మాత్రం నేను ఊరుకోను, స్టాండ్లు కొను, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టు. ఒక్కడివే ఉండి ఏమన్నా అయితే చూసేవాళ్ళు ఎవురు?

అయిపోయినాంక ఇంజను ఆన్ చేసి గట్టిగా తొక్కి పట్టుకో, దిగిపోకుండా ఉంటే అపార్టుమెంటు లోపలే మెల్లగా నడిపి చూడు, తర్వాతే రోడ్డు.

ఓలిగలు చేస్తాండా, సుమకు ఇష్టమని కొబ్బరివి కూడా. బెంగుళూరికి పంపాల్నా, ప్రొద్దుటూరికి పంపాల్నా, అది ఒక్కటి చెప్పు.

మీ అమ్మ