లావుగా ఉన్నోళ్లకి బార్‌బెల్ కూడా చూపించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ హెల్త్ పేజీలో ఊబకాయం మీద ఎప్పుడు రాసినా నడవండి, అన్నం తగ్గించండి, ఇదే మాట. నడక మంచిదే కాదనను, కానీ 125 కేజీల మనిషి మోకాళ్ల నొప్పులకి నాలుగు రోజుల్లో మానేస్తాడు, అదే మనిషి పవర్‌లిఫ్టింగ్‌కి (బార్‌బెల్, అంటే రెండు చివర్లా బరువులు తగిలించిన ఇనుప కడ్డీ, ఎత్తే పోటీ) వెళ్తే అక్కడ మగవాళ్లలో 120 కేజీలు దాటినోళ్లకి విడిగా కేటగిరీయే ఉంటది, వయసు 40 దాటితే మాస్టర్స్ అని ఇంకో విభాగం ఉంటది. స్క్వాట్ (కడ్డీ భుజాల మీద పెట్టుకుని కిందికి కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని ఛాతీ మీంచి పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి ఎత్తి నిటారుగా నిలబడటం), ఒక్కోదానికి మూడు ఛాన్సులు, అంతే ఆట. పోటీ డేట్ పెట్టుకున్నాక ప్రాక్టీస్ ఎగ్గొట్టబుద్ధి కాదు.

అలాగని బరువులెత్తితే చాలు, బిర్యానీ తిన్నా కొవ్వు కరిగిపోద్దని కాదు. కానీ ఉత్తి డైటింగే చేస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతది, రక్తంలో చక్కెరని ఎక్కువగా వాడుకునేది ఆ కండే, ఇంటికో షుగర్ పేషెంట్ ఉన్న మన దగ్గర ఇది చిన్న విషయమా? డబ్ల్యూహెచ్‌ఓ కూడా వారానికి కనీసం 2 రోజులు కండరాల వ్యాయామం చేయమనే చెప్తోంది. బీపీ, గుండె జబ్బు ఉన్నోళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగే మొదలెట్టాలి.

ఆడవాళ్లు బరువులెత్తితే మగరాయుళ్లయిపోతారని ఇంకా అంటున్నారు, మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి గారు 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో (అది వేరే ఆట, రెండే లిఫ్టులు) రెండు లిఫ్టులూ కలిపి 240 కేజీలెత్తి కాంస్యం తెచ్చాక కూడా! పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు పెడుతున్నారు గానీ వాటిలో బార్‌బెల్ కనపడదు (తుప్పు పడతదంటారేమో, స్టేడియంలో పెట్టొచ్చుగా). మీరు కూడా జిల్లా పవర్‌లిఫ్టింగ్ పోటీలు అయిపోయాక రెండు లైన్లు వేస్తారు, అదేదో ముందే ఎక్కడ, ఎప్పుడు, ఎంట్రీ ఎలాగో వేయండి సార్.

ఇట్లు,
మీ పాఠకుడు, విజయనగరం