ర్యాప్ రాసే బిడ్డకు

సిరిసిల్ల

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ర్యాప్ విన్నాను, మీ అమ్మకూ వినిపించాను. గొంతు బాగుంది, తాళం ఎక్కడా తప్పలేదు. కానీ అందులో నల్ల కారు ఉంది, మెడలో గొలుసు ఉంది, నిన్ను చూసి కుళ్లుకునే శత్రువులున్నారు. మనకు కారు లేదు. గొలుసు బ్యాంకులో ఉంది. శత్రువులు ఎవరో నాకు తెలియదు, మీ మేనత్త తప్ప.

పదహారు బార్లు, అంటే పదహారు వరుసలు, నింపడానికి విషయం దొరకలేదని, అందుకే అందరూ రాసేదే రాశానని అన్నావు. దాని మీదే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే మధ్యలో కట్ చేస్తావు.

మీ ర్యాప్ పుట్టిన ఈ హిప్‌హాప్ అంతా 1973 ఆగస్టులో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, ఒక అపార్ట్‌మెంట్ హాల్లో మొదలైందని నువ్వే చెప్పావు. ఆ రాత్రి రికార్డులు తిప్పింది కూల్ హెర్క్ అనే కుర్రాడు. పార్టీ పెట్టింది మాత్రం అతని చెల్లెలు సిండీ, బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోడానికి డబ్బులు కావాలని. ఆ ముక్క నా మనసుకు పట్టుకుంది. నువ్వు సర్కారు బడి పిల్లల యూనిఫాం గుడ్డ నేసే ఊళ్లో పుట్టావు. బడి బట్టల గురించి నీకు తెలిసినంత ఆ నల్ల కారు గురించి తెలుసా?

సరే, సాంచెల (మరమగ్గాల) చప్పుడు బీట్‌లో పెడతానంటావు. సిరిసిల్ల అనగానే ఎవరికైనా ముందు తట్టేది అదే. తర్వాత తట్టేవి అప్పులు, చావులు. వాటిని వదిలెయ్యమనను. ముందు తట్టినవన్నీ ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టి, ఇంకా ఏముందో వెతుకు. అంత చప్పుడులో పనిచేసేవాళ్లు ఎలా మాట్లాడుకుంటారు? చేతులతో, పెదాలతో. మరి ఇంటికొచ్చాక? అరుస్తారు. నువ్వెప్పుడూ కోపంగా ఉంటావని హాస్టల్లో నీ రూమ్మేట్ అనుకుందని నవ్వుతూ చెప్పావు చూడు, అది పాట. కరెంటు పోతే ఊరికి ఉక్కపోత, మనకు మీటర్లు పడవు, కూలి పడదు. చప్పుడు ఆగితే మనింట్లో టెన్షన్ మొదలవుతుంది. అదింకో పాట. రెండిటినీ ఒకదాంట్లో కుక్కకు.

ఇంకోటి. మొదట ప్రాస లేకుండా రాయి. ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది, ఎవరేమన్నారు, నాతో మాట్లాడుతున్నట్టే ఒక పేజీ. అందులో నీకే గుచ్చుకున్న మాట ఉంటుంది, దాన్ని హుక్ చెయ్యి, అంటే మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి. ప్రాస కోసం ముందే వెతికితే కథను ప్రాసే లాక్కుపోతుంది. నీ పాటలోకి కారు అలాగే వచ్చింది: 'జోరు' అన్నావు, దానికి 'కారు' దొరికింది, ఆ వెనక 'నోరు' కూడా ఎక్కింది.

తర్వాత 'వచ్చిన, తెచ్చిన, ఇచ్చిన' అంటూ నాలుగు వరుసలు లాగావు. తెలుగులో క్రియ చివరే వస్తుంది కాబట్టి ఆ ప్రాస ఊరికే దొరుకుతుంది. వినేవాడు రెండో వరుసకే మూడోది చెప్పేస్తాడు. చివర ఒక వస్తువు పేరో మనిషి పేరో పెట్టి చూడు. నైట్ షిఫ్టులో నాకొకటి తట్టింది:

గుడ్డకు కొలత మీటరు,
కూలికి కొలత క్వార్టరు.

మీ అమ్మ వెంటనే 'ఎవరి మీద రాశావ్?' అని నిలదీసింది. అంటే వరుస తగిలినట్టే. మా తెలుగు సారు చెప్పింది కూడా గుర్తుంది: పద్యంలో ప్రాస వరుస మొదట్లోనే, రెండో అక్షరం దగ్గర పడుతుంది. ర్యాప్‌లో అదీ వాడి చూడు, చివర్లో ప్రాస లేకపోయినా చెవికి పట్టు దొరుకుతుంది.

దసరాకు వచ్చినప్పుడు మీ పెదనాన్న దగ్గర కూర్చో. మహారాష్ట్రలోని భివండీలో చాలా ఏళ్లు సాంచెల మీద చేసొచ్చినవాడు, ఇప్పుడు ఇక్కడ సాంచెల దగ్గరే వైపని చేస్తున్నాడు. అక్కడ ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, ఇంటికి ఏమని ఉత్తరాలు రాశారు, అడుగు. ముందు ఫోన్ రికార్డర్ పెట్టకు, పెడితే ఎలక్షన్ మీటింగులో నిలబడ్డట్టు మాట్లాడతాడు. విన్నాక ఆయన వాడిన మాటలే రాసుకో, నీ మాటలు కలపకు. అప్పుల సంగతి వస్తే మాత్రం ఆయన్ని అడగకుండా పాటలో పెట్టొద్దు.

ఈసారి ఆడియోతో పాటు రాత కూడా పంపు. నువ్వు వేగం పెంచితే సగం మాటలు నాకు వినపడటం లేదు.

మీ బాపు