ఆరు నెలల లోపు పిల్లలున్న అక్కచెల్లెళ్లకు

అందరికి నమస్తే. ఎండలు ముదిరినయ్ కదా, నిన్న మన బస్తీల తిరిగితే రెండిండ్లల్ల నాలుగు నెలల పిల్లలకు నీళ్లు తాపుతున్నరు. ఒక అత్తమ్మయితే "మేం పెంచలేదా" అని నా మీదనే లేచింది. పాలమూరు ఎండ సంగతి నాకూ తెలుసు, కానీ తల్లిపాలల్ల వందకు 87 పాళ్లు నీళ్లే. దప్పికనిపిస్తే ఇంకోసారి రొమ్మియ్యుండ్రి. 6 నెలలు నిండేదాక నీళ్లు, తేనె, గ్రైప్ వాటర్ ఏదీ వద్దు.

పాలు చాలుతలేవని డబ్బా కొనేముందు ఉచ్చ లెక్కపెట్టుండ్రి. దినాం ఆరుసార్లు, అంతకన్న ఎక్కువ పోస్తూ బరువు పెరుగుతుంటే సరిపోతున్నట్టే.

కూలికి పోయేటోళ్లు పొద్దున స్టీలు గిన్నె కడిగి, నీళ్లల్ల మరగబెట్టి, అండ్ల పాలు పిండి మూతపెట్టి పోవచ్చు. ఈ వేడికి చల్లటి జాగల పెట్టినా నాలుగు గంటలు దాటనియ్యొద్దు. చెంచాతోనే తాపమనుండ్రి. నిన్న ఒక సీసా పీక వాసన చూసిన, పుల్లగ కంపు కొడుతుంది.

ఏడో నెల పడ్డ పిల్లలకు అంగన్‌వాడీల బాలామృతం పిండి నెలకు 2.5 కిలోలు వస్తది. అది పిల్లకే పెట్టుండ్రి, ఇంటిల్లిపాది తింటున్నరని నాకు తెలుసు 😀